స్వతంత్ర సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ నుంచి ఏ సేవ తీసుకోవాలి: సమీక్షా, నెలవారీ సలహానా, నిర్మాణమా?

విజయవాడలో మందుల పంపిణీ చేసే ఒక మధ్యస్థాయి సంస్థను ఊహించుకుందాం. సొంతంగా రాయించుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని చూసుకునే ఎనిమిది మంది డెవలపర్లు ఉన్నారు, ఏడేళ్లుగా అమ్మకాలు, నిల్వలు, లెక్కలు అన్నీ ఒకే డేటాబేస్ మీద నడుస్తున్నాయి. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. నెలాఖరు వచ్చేసరికి మాత్రం సాయంత్రం వేళ ఒక్క బిల్లు సేవ్ కావడానికి అర నిమిషం పడుతోంది, గోదాము ముందు లారీలు నిలిచిపోతున్నాయి, యజమాని వచ్చి డెవలపర్ల వెనుక నిలబడుతున్నారు. ఈ స్థితిలో ఆయన ముందుకు సాధారణంగా మూడు ప్రతిపాదనలు వస్తాయి. ఒక సర్వీసెస్ కంపెనీ, అంటే ఇతరులకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కంపెనీ, మొత్తం సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములుగా, తిరిగి రాస్తామని ఏడాదికి పైబడిన ప్రణాళిక ఇస్తుంది. బంధువుల్లో ఒకరు పూర్తికాలపు ఆర్కిటెక్ట్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం స్వరూపాన్ని నిర్ణయించే నిపుణుణ్ని, ఉద్యోగంలో పెట్టుకోమంటారు. మూడోది, ఎవరో పరిచయం చేసిన స్వతంత్ర కన్సల్టెంట్ పంపిన ఒక పేజీ: ఆర్కిటెక్చర్ సమీక్ష, నెలవారీ సలహా, క్లిష్టమైన భాగాల నిర్మాణం, పాత వ్యవస్థ మార్పిడి, పెట్టుబడికి ముందు సాంకేతిక పరిశీలన, బృందానికి శిక్షణ.

ఈ మూడో కాగితంలోని సేవలను ఒకదానితో ఒకటి పోల్చి, ఏది ఎప్పుడు తగినదో చెప్పడమే ఈ వ్యాసం పని. ఈ వృత్తిలో నేను సలహా అమ్మేవాడిగానూ ఉన్నాను, డబ్బిచ్చి సలహా తీసుకునేవాడిగానూ ఉన్నాను. కాబట్టి నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: సేవను దాని పేరు చూసి ఎంచుకోకూడదు, మీ దగ్గర తేలకుండా ఉన్న నిర్ణయం ఏమిటో, కన్సల్టెంట్ వెళ్లిపోయాక ఆ నిర్ణయాన్ని ఎవరు మోస్తారో చూసి ఎంచుకోవాలి.

ముందుగా, ఉద్యోగిని కాక, కంపెనీని కాక, స్వతంత్రుణ్ని పిలవడం ఎప్పుడు సబబు

సర్వీసెస్ కంపెనీకి మనుషులుంటారు, ఆ మనుషులకు పని కల్పించవలసిన అవసరమూ ఉంటుంది. అందువల్ల డేటాబేస్‌లో వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ ఒకటి చేర్చితే సరిపోతుందని చెప్పడం ఆ అమ్మకపు బృందానికి లాభసాటి కాదు. ఇది వాళ్ల నిజాయితీ మీద అనుమానం కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అది. మరోవైపు, ముప్పై మందితో రెండేళ్లు చేయవలసిన పనిని ఒంటరి మనిషి ఎంత సమర్థుడైనా చేయలేడు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఫోను ఎత్తడానికి మనుషులు వంతులవారీగా ఉండాలంటే అది కంపెనీకే సాధ్యం.

పూర్తికాలపు ఆర్కిటెక్ట్ విషయంలో చిక్కు జీతం ఒక్కటే కాదు. హైదరాబాద్, బెంగళూరు సంస్థల్లో చాలాచోట్ల నోటీసు గడువు 90 రోజులు కాబట్టి, ఎంపికకు పట్టే సమయం కూడా కలిపితే మనిషి కుర్చీలో కూర్చునేసరికి అర్ధసంవత్సరం గడిచిపోవచ్చు. ఎనిమిది మంది బృందంలో వారానికి ఐదు రోజులు చేయవలసినంత ఆర్కిటెక్చర్ పని ఉండదు కూడా. పని లేని ఆర్కిటెక్ట్ ఏం చేస్తాడంటే, పని కల్పించుకుంటాడు. అవసరం లేని చోట కొత్త పొరలు మొలుస్తాయి. నిర్ణయాలు అడపాదడపా మాత్రమే వస్తూ, వచ్చినప్పుడు మాత్రం బరువైనవి అయినప్పుడు స్వతంత్ర కన్సల్టెంట్ సరైన ఎంపిక. నిర్ణయాలు ప్రతిరోజూ వస్తుంటే ఉద్యోగినే తీసుకోవాలి.

సమీక్ష: చిన్నది, కానీ మిగిలినవాటికి దారి చూపేది

ఆర్కిటెక్చర్ సమీక్ష అంటే నిర్ణీత గడువులో, సాధారణంగా రెండు మూడు వారాల్లో, ఉన్న వ్యవస్థను చదివి, కొలిచి, లిఖితపూర్వకంగా అభిప్రాయం చెప్పడం. బయటి నుంచి చూస్తే ఇది రిపోర్టు కొనుక్కోవడంలా కనిపిస్తుంది, అందుకే చాలామంది యజమానులు దీన్ని వృథా ఖర్చుగా తలచి నేరుగా నిర్మాణానికి వెళతారు. గోడకు పగులు కనిపించగానే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవకుండా మేస్త్రీతో సిమెంటు పూయించినట్లే ఇది.

సమీక్ష నాణ్యతను నిర్ణయించేది అందులో అడిగే ప్రశ్న. 'మా సాఫ్ట్‌వేర్ బాగుందా' అన్నది ప్రశ్న కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన ఏటీఏఎం అనే మదింపు పద్ధతిలో అందరూ అరువు తెచ్చుకోదగినది ఒకటుంది: ప్రతి కోరికనూ కొలవగల సన్నివేశంగా రాయించడం. మన ఉదాహరణలో అయితే అది ఇలా ఉంటుంది: నెల చివరి రోజు సాయంత్రం 5 నుంచి 8 గంటల మధ్య 150 మంది ఒకేసారి బిల్లులు వేస్తున్నప్పుడు, అదే సమయంలో లెక్కల విభాగం జీఎస్టీ నివేదిక తీస్తున్నప్పుడు, ఒక్కో బిల్లు రెండు సెకన్లలో సేవ్ కావాలి. ఇలా రాసేసరికే సగం వాదనలు ఆగిపోతాయి, ఎందుకంటే సమస్య సాఫ్ట్‌వేర్ అంతటిదీ కాదనీ, నివేదిక, బిల్లు ఒకే డేటాబేస్ కోసం పోటీ పడుతున్న ఆ మూడు గంటలదనీ అందరికీ కనిపిస్తుంది.

లభ్యత విషయంలో, అంటే ఏడాదిలో ఎంత శాతం సమయం సిస్టమ్ నడుస్తూ ఉండాలన్న విషయంలో, కూడా అంకెలు అడగాలి. 'సిస్టమ్ ఎప్పుడూ ఆగకూడదు' అని యజమాని అనడం సహజం. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు ఆగవచ్చునని అర్థం, 99.99 శాతం అంటే సుమారు 53 నిమిషాలే. ఆ ఒక్క తొమ్మిదిని అదనంగా తెచ్చుకోవడానికి రెండో డేటాసెంటర్, స్వయంచాలకంగా మారే డేటాబేస్, రాత్రి కాపలా మనుషులు అవసరం కావచ్చు. ఆదివారం మూసి ఉండే గోదాముకు అంత ఖర్చు అవసరమా అన్నది సాంకేతిక ప్రశ్న కాదు, వ్యాపార ప్రశ్న. దాన్ని యజమాని ముందు ఆ రూపంలో పెట్టడమే కన్సల్టెంట్ కర్తవ్యం.

మంచి సమీక్షకుడు కోడ్ కంటే ముందు నెమ్మదిగా నడిచే క్వెరీల (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల) లాగ్, అంటే నమోదు చిట్టా, గత ఆరు నెలల అంతరాయాల వివరాలు, క్లౌడ్ (అద్దె సర్వర్ల) బిల్లు అడుగుతాడు. డెవలపర్లతో విడివిడిగా మాట్లాడతాడు, ఎందుకంటే యజమాని ఎదుట ఎవరూ 'ఆ ఫైలు ముట్టుకోవాలంటే భయం' అని చెప్పరు. చివరికి ఇచ్చే పత్రంలో ఏం చేయాలో మాత్రమే కాదు, ఏం చేయనక్కరలేదో కూడా ఉండాలి. ఒక్కొక్క సిఫారసుకు ఎంత శ్రమ, ఎంత ప్రమాదం, ఎవరు చేయగలరు అన్నది రాసి ఉండాలి. ముఖ్య నిర్ణయాలను 2011లో సాఫ్ట్‌వేర్ రచయిత మైకేల్ నైగార్డ్ ప్రచారంలోకి తెచ్చిన నిర్ణయ పత్రాల తీరులో, అంటే సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు అనే మూడు చిన్న పేరాల్లో, కోడ్‌తో పాటే భద్రపరచి ఇవ్వమని అడగండి. అరవై పేజీల స్లైడ్ల కంటే అవి ఎక్కువ కాలం పనికొస్తాయి.

అయితే సమీక్ష అందరికీ కాదు. జబ్బేమిటో మీకు ఇప్పటికే తెలిసి, దాన్ని సరిచేసే చేయి మాత్రమే లేకపోతే, సమీక్ష పేరుతో తెలిసిన సంగతినే మళ్లీ డబ్బిచ్చి వినవలసి వస్తుంది. సిఫారసులను అమలు చేయడానికి లోపల ఒక్క మనిషి కూడా ఖాళీగా లేకపోయినా అంతే. నా సమీక్ష పత్రాల్లో ఒకటి రెండేళ్ల తర్వాత అదే సంస్థలో ఎవరూ తెరవని ఫోల్డర్‌లో కనిపించింది. అందులో తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే, ఎందుకంటే పని మోసే మనిషి పేరు లేని సిఫారసులు అందులో పందొమ్మిది రాశాను.

నెలవారీ సలహా: రిటైనర్ ఒప్పందం

రిటైనర్ అంటే నెలకు రెండు నుంచి నాలుగు రోజులు కన్సల్టెంట్ సమయాన్ని ముందుగా కేటాయించుకోవడం. సమీక్ష జరిగిపోయినదాన్ని చూస్తుంది. రిటైనర్ జరగబోయేదాన్ని చూస్తుంది. కొత్త శాఖ తెరిచే ముందు, మందుల షాపుల కోసం మొబైల్ యాప్ మొదలుపెట్టే ముందు, ఖరీదైన డేటాబేస్ లైసెన్సు కొనే ముందు ఒక అనుభవజ్ఞుడు గంటసేపు ప్రశ్నలు వేయడం వల్ల మిగిలే డబ్బు లెక్కల పుస్తకంలో కనిపించదు. అందుకే ఈ సేవ విలువను కొలవడం కష్టం, ఆపేయడం సులువు, అవసరం లేకపోయినా కొనసాగించడం ఇంకా సులువు.

దీనికి ఒక పరీక్ష ఉంది. కన్సల్టెంట్ రాని వారంలో బృందం నిర్ణయాలు తీసుకుంటోందా, లేక ఆయన వచ్చేదాకా ఆపి ఉంచుతోందా? మొదటిదైతే రిటైనర్ పని చేస్తోంది. రెండోదైతే మీరు సలహాదారును కాక, నెలకు నాలుగు రోజులు మాత్రమే కనిపించే మేనేజరును పెట్టుకున్నారు. మూడు నెలల కాలానికి మొదలుపెట్టి, ఆ తర్వాత ఎవరైనా నెల నోటీసుతో ముగించుకోగలిగే ఒప్పందం ఉభయులకూ క్షేమం. వాడని రోజులు వచ్చే నెలకు మారతాయా లేదా అన్నది మొదటే రాసుకోండి. నేను చూసిన మనస్పర్థలు చాలావరకు అక్కడే మొదలయ్యాయి.

రిటైనర్ ఎక్కువగా ఉపయోగపడే చోటు జట్లను విడదీసే సమయం. వ్యవస్థల రూపం వాటిని తయారుచేసిన సంస్థలోని సంభాషణల రూపాన్నే పోలి ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో రాశారు. ఎనిమిది మంది పద్దెనిమిది మంది అవుతున్నప్పుడు ఎవరు ఏ భాగానికి బాధ్యులన్న ప్రశ్నే ఆర్కిటెక్చర్ ప్రశ్న అవుతుంది, అది రెండు వారాల సమీక్షలో తేలేది కాదు.

నిర్మాణం, మార్పిడి

కన్సల్టెంట్ స్వయంగా కోడ్ రాసే సేవ ఆకర్షణీయంగా ఉంటుంది, ఎందుకంటే చేతికి వస్తువు వస్తుంది. దీన్ని ఇరుకైన, లోతైన భాగాలకు మాత్రమే వాడుకోవాలని నా సలహా: ఇంటర్నెట్ లేని పల్లె షాపుల్లో ఆర్డరు తీసుకొని తర్వాత కేంద్రంతో సరిపోల్చే భాగం, యూపీఐ చెల్లింపు విఫలమైనప్పుడు రెండుసార్లు డబ్బు నమోదు కాకుండా చూసే భాగం, నెలాఖరు రద్దీని కృత్రిమంగా సృష్టించి పరీక్షించే లోడ్ టెస్టింగ్. ఇవి మీ బృందం ఒక్కసారే చేయవలసిన, అందువల్ల ఎప్పటికీ అనుభవం రాని పనులు. సాధారణ స్క్రీన్లు, రిపోర్టులు ఆయన చేత రాయించడం గోరుతో పోయేదానికి గొడ్డలి వాడటమే, పైగా గొడ్డలి అద్దె ఎక్కువ. షరతు ఒక్కటి: మీ డెవలపర్ ఒకరు పక్కన కూర్చొని ఆ భాగాన్ని కలిసి రాయాలి, కోడ్ మొదటి రోజు నుంచే మీ రిపాజిటరీలో, అంటే మీ కోడ్ భద్రపరిచే చోట, ఉండాలి. ఆయనకు జ్వరం వస్తే పని ఆగిపోయే స్థితి ఉండకూడదు.

పాత వ్యవస్థ మార్పిడి వేరే కథ. ఇక్కడ అసలు పోటీ రెండు సేవల మధ్య కాదు, రెండు పద్ధతుల మధ్య. ఒకటి, అంతా కొత్తగా రాసి ఒక శుభముహూర్తాన మారడం. రెండోది, సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో వివరించిన, ఇప్పుడు స్ట్రాంగ్లర్ ఫిగ్ అని పిలిచే పద్ధతి. ఆయన ఆస్ట్రేలియా అడవుల్లోని చెట్లను చూసి ఆ పేరు పెట్టారు గానీ, తాటిచెట్టు మొవ్వులో మొలిచి ఏళ్ల తరబడి దాన్ని చుట్టుకుంటూ చివరికి తానే నిలబడే మర్రిని చూసిన మనకు వివరణ అక్కరలేదు. పాత వ్యవస్థ నడుస్తూనే ఉంటుంది. ఒక్కొక్క పనీ, ముందు నివేదికలు, తర్వాత నిల్వలు, ఆ తర్వాత బిల్లింగ్, కొత్తదానికి మారుతుంది. ఒంటరి కన్సల్టెంట్ పర్యవేక్షించగలిగేది ఈ రెండో పద్ధతినే. మొత్తం తిరగరాయడాన్ని ఒక మనిషి తన భుజాన వేసుకుంటానంటే, ఆయనను అక్కడే ఆపడం మంచిది.

మైక్రోసర్వీసుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మార్పిడి అనగానే అందరి నోటా అదే మాట వస్తుంది. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ప్రసార నాణ్యతను గమనించే ఒక బృందం, విడివిడి సర్వర్‌లెస్ భాగాలుగా (అవసరమైనప్పుడు మాత్రమే క్లౌడ్‌లో నడిచే ముక్కలుగా) ఉన్న తమ సాధనాన్ని ఒకే ప్రక్రియలోకి చేర్చి, మౌలిక వసతుల ఖర్చును 90 శాతానికి పైగా తగ్గించుకున్నామని ప్రకటించింది. అది ఒక్క సాధనం గురించిన అనుభవమే తప్ప ప్రైమ్ వీడియో మొత్తం గురించి కాదు. దాన్ని మైక్రోసర్వీసులకు మరణశాసనంగా చూపడం కూడా తప్పే. అయినా ఎనిమిది మంది బృందానికి ఎవరైనా ఇరవై సర్వీసుల బొమ్మ గీసి చూపితే, ఆ ఇరవై చోట్లా లాగ్‌లు ఎవరు చదువుతారని అడగడం మీ హక్కు.

మిగిలిన రెండు సేవలను క్లుప్తంగా చెబుతాను. పెట్టుబడికి ముందు చేసే సాంకేతిక పరిశీలన నిజానికి ఎదుటివారి కోసం చేసే సమీక్ష. దాన్ని కోరేది పెట్టుబడిదారు అయితే ఫీజూ ఆయనే ఇవ్వాలి, నివేదిక ఎవరి సొత్తో ముందే తేలాలి. శిక్షణను విడిగా తీసుకోవడం నాకు అంతగా నచ్చదు. మీ సొంత కోడ్ మీద జరగని రెండు రోజుల తరగతి సోమవారానికి మరుపున పడుతుంది. అదే డబ్బుతో నిర్మాణపు పనిలో మీవాళ్లను పక్కన కూర్చోబెట్టండి.

ఫీజు, పన్ను, కాగితాలు

సమీక్షకు స్థిర ఫీజు, నిర్మాణానికి రోజు లెక్క, సలహాకు నెల లెక్క సహజంగా కుదురుతాయి. నిర్మాణానికి స్థిర ఫీజు కోరితే, తెలియని ప్రమాదానికి కన్సల్టెంట్ ముందే అదనం కలుపుకుంటాడు, లేదా మధ్యలో నాణ్యత తగ్గిస్తాడు. వాటాల రూపంలో చెల్లిస్తామనే స్టార్టప్‌లు ఒక సంగతి గమనించాలి: వాటా ఉన్న సలహాదారు 'ఈ ఉత్పత్తిని ఆపేయండి' అని చెప్పగల స్వాతంత్ర్యాన్ని కొంత పోగొట్టుకుంటాడు, మీరు కొన్నదే ఆ స్వాతంత్ర్యం.

పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చండి. లెక్క కోసం రోజుకు 30,000 రూపాయలనుకుంటే, పది రోజుల సమీక్షకు 3,00,000. కన్సల్టెంట్‌కు జీఎస్టీ నమోదు ఉంటే 18 శాతం చొప్పున 54,000 కలిసి బిల్లు 3,54,000 అవుతుంది. ఆ 54,000 మీ సంస్థ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా, వాడుకోగలిగితే అసలు ఖర్చు 3,00,000 మాత్రమే. టీడీఎస్‌ను, అంటే చెల్లించేటప్పుడే మీరు పట్టుకొని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్నును, జీఎస్టీ కలపని మొత్తం మీద కోయాలి. పనిని వృత్తిపర సేవగా లెక్కిస్తే 10 శాతం, కేవలం సాంకేతిక సేవగా లెక్కిస్తే 2 శాతం కాబట్టి, ఈ తేడాను బిల్లు వచ్చాక కాక ఒప్పందం రాసేటప్పుడే ఆడిటరుతో తేల్చుకోవాలి. కన్సల్టెంట్ సూక్ష్మ సంస్థగా ప్రభుత్వ నమోదు వేదిక ఉద్యమ్‌లో నమోదై ఉంటే, చిన్న సంస్థల కోసం చేసిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. మన దగ్గర ఇది తెలియని కొనుగోలుదారులే ఎక్కువ.

డాలస్‌లో ఉన్న బావమరిదినో పాత సహాధ్యాయినో సలహాదారుగా పెట్టుకోవడం మన తెలుగు సంస్థల్లో మామూలే. తప్పేమీ లేదు, అనుభవం గొప్పదే కావచ్చు. కానీ విదేశం నుంచి వచ్చిన సేవ మీద రివర్స్ చార్జ్ పద్ధతిలో జీఎస్టీని మీరే కట్టాలి. కాలం తేడా ఋతువును బట్టి పదిన్నర, పదకొండున్నర గంటలు. అన్నిటికీ మించి, బంధువు చెప్పిన తప్పుడు సలహాను కాదనడం ఎంత కష్టమో ప్రతి ఇంటికీ తెలుసు.

కాగితాల్లో ఒక్క అంశం మీద పట్టుబట్టండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి విధుల్లో భాగంగా రాసిన కోడ్ యజమానిది అవుతుంది. స్వతంత్రుడు రాసిన కోడ్ మాత్రం, మీరు ఫీజు పూర్తిగా చెల్లించినా సరే, రాతపూర్వకంగా బదిలీ చేయనిదే ఆయనదే. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే అది రద్దయ్యే వీలు కూడా ఉంది, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. అందుచేత శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, వినియోగంతో నిమిత్తం లేకుండా అన్న మూడు సంగతులూ పత్రంలో ఉండేలా చూసుకోవాలి. కన్సల్టెంట్ తన పాత సాధనాలను వాడితే వాటి జాబితా విడిగా ఇచ్చి, వాడుకునే హక్కు మాత్రమే ఇవ్వడం న్యాయమే.

రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న అసలు డేటాబేస్‌ను సమీక్ష కోసం కాపీ చేసి ఇవ్వకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో బాధ్యత డేటాను సేకరించిన సంస్థ మీదే ఉంటుంది, బయటివారి చేతిలో లీకైనా సరే. పేర్లు మార్చిన నమూనా, చదవడానికి మాత్రమే వీలున్న ఖాతా, పని ముగిసిన రోజే ఆ ఖాతా రద్దు: ఇంత చాలు.

మనిషిని ఎలా తూచాలి

క్లౌడ్ సర్టిఫికెట్లు ఆయనకు సాధనాలు తెలుసునని మాత్రమే చెబుతాయి. పేర్లు చెరిపేసిన పాత సమీక్ష పత్రం ఒకటి చూపమనండి. చూపలేకపోతే కనీసం దాని నిర్మాణాన్ని వివరించమనండి. 'మీరు వద్దని చెప్పి ఆపించిన పని ఏమిటి' అని ఆయనను అడగండి, జవాబు వెంటనే రాకపోతే ఆలోచించవలసిందే. సిఫారసు చేసే క్లౌడ్ లేదా సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి కమిషన్ తీసుకుంటారా అని సూటిగా అడగడంలో మొహమాటం అక్కరలేదు. తీసుకోవడం నేరం కాదు, దాచడం తప్పు.

మన మందుల సంస్థ విషయంలో నేనైతే పది పన్నెండు రోజుల సమీక్షకు స్థిర ఫీజుతో మొదలుపెడతాను. నివేదికల పనిని డేటాబేస్ నకలు మీదికి మార్చి, రెండు మూడు క్వెరీలను సరిచేస్తే చాలని అందులో తేలితే, సొంత డెవలపర్లే ఆ పని చేస్తారు; కన్సల్టెంట్ బిల్లు అక్కడితో ముగుస్తుంది. సమస్య లోతైనదని తేలితే, మూడు నెలల రిటైనర్, దానితో పాటు నివేదికలను ముందుగా విడదీసే ఒక చిన్న నిర్మాణపు పని ఇస్తాను. సర్వీసెస్ కంపెనీ ప్రతిపాదనను చించెయ్యను, పక్కన పెడతాను. సమీక్ష పత్రం చేతిలో ఉంటే వాళ్లతో బేరం కూడా వేరేలా సాగుతుంది. ఒప్పందంలో తేదీలు వేసేటప్పుడు మాత్రం నెల చివరి రోజు సమీక్షా కాలంలోపలే పడేలా చూస్తాను. ఆ సాయంత్రం 5 నుంచి 8 దాకా ఆయన గోదాములో, బిల్లింగ్ కౌంటరు పక్కనే కూర్చోవాలి.